తెగిన పోగు దొరికిన రాత్రి

మా నాయిన షోలాపూర్‌లో మిల్లు మగ్గం నడిపి మమ్మల్ని సాకాడు. అమ్మ బీడీలు చుట్టి నన్ను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివించింది. ఇప్పుడు నేను ఒక చిన్న ఆఫీసులో ఆటోక్యాడ్ మీద డ్రాయింగులు గీస్తాను.

ఆ రోజు చేతిలో ఉన్నది తువ్వాళ్ల కార్ఖానా అద్దకం షెడ్డు డ్రాయింగు. మూడు వారాల పని. తెల్లారి పది గంటలకు కాంట్రాక్టరుకు ఇవ్వాలి. సాయంత్రం ఆరింటికి ఫైలు తెరిస్తే సగంలో ఆగింది, 'ఫేటల్ ఎర్రర్' అని చూపించి మూసుకుపోయింది. ఐదుసార్లు తెరిచాను, అదే వరస. "రేపు డ్రాయింగ్ లేకుంటే నువ్వు కూడ రావొద్దు" అన్నాడు సేటు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకొని ఏడుపుమొహంతో ఇంటికొచ్చాను.

రాత్రి మళ్లీ మళ్లీ అదే ఫైలు నొక్కుతుంటే నాయిన చూసి అడిగాడు: "పోగు తెగినంక గూడ మగ్గం నడుపుతనే ఉంటవా బిడ్డా? ఆపు. ఏడ తెగిందో సూడు."

ఆపాను. ముందు ఫైలుకు వేరే పేరుతో నకలు తీశాను. ఏ ప్రయోగం చేసినా నకలు మీదే చేయాలి, అసలును ముట్టొద్దు. అదే ఫోల్డరులో బి.ఎ.కె. ఫైలు కనిపించింది. దాని చివర డి.డబ్ల్యు.జి. అని మారిస్తే, చివరిసారి సేవ్ చేయక ముందటి డ్రాయింగు తెరుచుకుంటుంది. నాది మధ్యాహ్నానిది. ఏమీ కాకున్నా సగం రోజు పనే పోతుందని గుండె కుదుటపడింది. ఆటోక్యాడ్ తనంతట తాను దాచుకునే ఆటోసేవ్ ఫైలు మాత్రం లేదు. కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందని నేనే దాన్ని బందు పెట్టి ఉన్నాను!

తర్వాత ఖాళీ డ్రాయింగు తెరిచి 'రికవర్' అని కొట్టి, నకలును చూపించాను. తప్పులు సరిదిద్దుకొని తెరుచుకుంది. 'ఆడిట్' కూడా నడిపాను. తప్పులు దిద్దాలా అని అడిగినప్పుడు 'వై' కొట్టాలి, ఊరికే ఎంటర్ కొడితే దిద్దదు. 'పర్జ్'తో పనికిరాని చెత్త తీసేశాను.

అయినా ఒక మూలకు జూమ్ చేయగానే మళ్లీ మూసుకుపోయింది. అంటే తెగిన పోగు ఇంకా లోపలే ఉంది.

అప్పుడు డ్రాయింగును రెండుగా చీల్చాను. 'డబ్ల్యుబ్లాక్'తో ఎడమ సగం ఒక ఫైలు, కుడి సగం ఒక ఫైలు. ఎడమది బాగానే నడిచింది, కుడిది పడిపోయింది. కుడిదాన్ని మళ్లీ రెండు చేశాను. అట్లా నాలుగుసార్లు చీల్చాక దొంగ దొరికింది: వేరే ఎవరిదో ఫైలులోంచి నేను కాపీ చేసి అతికించిన పంపు బొమ్మ. దాన్ని వదిలేసి, మిగతా ముక్కలన్నీ కొత్త ఫైలులో చేర్చి, పంపును నా చేత్తో మళ్లీ గీశాను. అప్పటికి రెండున్నర దాటింది.

పొద్దున తొమ్మిదిన్నరకు ప్రింటు సేటు బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, కాంట్రాక్టరుకు ఫోన్ కలిపాడు. నేను నా కుర్చీలో కూచొని ముందుగా ఆటోసేవ్ చాలూ చేశాను.

డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే: ఫైలు పడిపోగానే భయంతో పదేపదే నొక్కకండి. నకలు తీయండి, సగం సగం చేసి వెతకండి. ఇంకొకరి బొమ్మ తెచ్చుకుంటే, ముందు దాన్ని విడిగా తెరిచి ఆడిట్ చేశాకే అతికించండి.

సాయంత్రం ఇంటికి రాగానే నాయిన అడిగింది ఒక్కటే: "దొరికిందా పోగు?"