పాలగిన్నె మీది కంచుబిళ్ళ

మా ఇంట్లో పాలగిన్నె మూతను పిల్లి తొయ్యకుండా బరువుగా ఒక కంచుబిళ్ళ ఉండేది. అరచేతి వెడల్పున, గుండ్రంగా. దానిమీద త్రిశూలం పట్టుకున్న ఒక స్త్రీమూర్తి, ముందు ఒక సింహం. దుర్గాదేవి అనుకుని, దసరా నాడు మా నాయనమ్మ దానికి కుంకుమ కూడా పెట్టేది. పాఠకులు నవ్వకండి. ఆవిడ బ్రిటానియా అనీ, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన సిపాయిల ఇళ్ళకు సర్కారు పంపిన బిళ్ళ అదనీ నాకు ఎమ్.ఏ. చదివే రోజుల్లో గాని తెలియలేదు.

స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ఇతడు మరణించాడని దాని అంచున ఇంగ్లీషులో ఉంది. పరాయి ఏలుబడిలో ఉన్న మనిషి ఎవరి స్వేచ్ఛ కోసం మరణించాడో పోతపోసిన వారినే అడగాలి. ఒక చిన్న పలకలో మా ముత్తాత పేరు. హోదా లేదు, నంబరు లేదు, పటాలం పేరు లేదు. చావులో అందరూ సమానమని, కావాలనే హోదా వెయ్యలేదట. ఆలోచన మంచిదే. వెతకబోయే మునిమనవడికి మాత్రం అదే చిక్కయింది.

ఎందుకంటే నంబరు ఉన్నది మరొకదానిమీద. బిళ్ళతోపాటు రాజుగారి తల ఉన్న వెండి పతకం కూడా వచ్చింది. అలాంటి పతకాల అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం సన్నటి అక్షరాలతో చెక్కి ఉంటాయి. మా ముత్తవ్వ దాన్ని భోషాణం అడుగున దాచింది. ఆవిడ పోయాక మా నాయనమ్మ కంసాలిని పిలిపించి, మా మేనత్తకు కాలిపట్టీలు చేయించింది. పెళ్ళయి ఆ పట్టీలతోనే మేనత్త కాపురానికి వెళ్ళింది. ఇప్పుడు ఎవర్ని ఏమనగలం? తిండికి కటకటలాడే ఇంట్లో వెండి వెండే. పైగా ఆ పట్టీలూ ఒక సాక్ష్యం చెప్పాయి. కూలిదండులో పనిచేసిన వారికి ఆ పతకం కంచుది ఇచ్చారు, వెండిది సిపాయిలకే.

మా వారు చెప్పగలిగిందల్లా "బస్రా పోయాడు, తిరిగి రాలేదు" అని. తాతయ్య తండ్రి ముఖం ఎరగడు. చనిపోయిన తిథి తెలియదు గనుక తద్దినం లేదు. మహాలయ అమావాస్య నాడే ఆయనకూ పెట్టేవారు.

కామన్‌వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ వారి జాబితా ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడవచ్చు. చూడవచ్చుగాని, తెలుగు పేరు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో పడితే ఏమవుతుంది? వెంకటస్వామి అన్న ఒక్క పేరునే నాలుగు విధాల రాస్తారు. ఇంటిపేరు ఉండదు. వీటికి తోడు మాది భీమవరం తాలూకా కదా అని నేను గోదావరి జిల్లా అంటూ రెండేళ్ళు వెతికాను. తెలుగు పాఠం చెప్పేవాడికి చరిత్ర ఎంత తెలుసో చూడండి! పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. యుద్ధకాలంలో భీమవరం కృష్ణా జిల్లాలోది.

కృష్ణా అని వెతకగా ఒకరు దొరికారు. బెంగుళూరు కేంద్రంగా ఉండే సాపర్స్ అండ్ మైనర్స్, అంటే వంతెనలు కట్టి, బాటలు వేసి, కందకాలు తవ్వే దళం. ఊరు మాదే. పేరు ఒక అక్షరం తేడా. ఒకే ఊళ్ళో ఒకే పేరు నలుగురికి ఉండవచ్చునే అని సందేహిస్తుండగా, కింద "ఫలానావారి కుమారుడు" అని కనిపించింది. కాగితం పట్టుకుని నాన్నగారి దగ్గరకు పరుగెత్తాను. తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెబుతారు గదా. తండ్రి, తాత, ముత్తాత. నాన్నగారు ఏటేటా పురోహితుడి వెంట పలికే ఆ మూడో పేరే ఆ కాగితం మీద ఉంది.

చనిపోయింది 1917 జూలై నడిమిలో. ఆ యేడు మార్చి 11న బాగ్దాదు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. జూలైలో రమాదీ మీదికి వెళ్ళిన సేన వెనక్కి తిరిగింది. తుపాకులకంటె ఎండకు పడిపోయినవారే ఎక్కువ. ముత్తాత ఎండకు పోయాడో, జ్వరానికి పోయాడో జాబితాలో లేదు.

ఆయనకు సమాధి లేదు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకంలోకి ఎక్కాడు. ఎక్కాడంటే పేరుతో కాదు. గోడమీద మన దేశపు వారిలో ఆఫీసర్ల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిలను "మరి ఇంతమంది" అని లెక్కగా వేశారు. పేర్లు పుస్తకంలో ఉంచారు. 1997లో ఆ స్మారకాన్నే ఊడదీసి, నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల అవతల ఎడారిలో మళ్ళీ నిలబెట్టారు. ఇంటి బిళ్ళమీద పేరుంది, నంబరు లేదు. అక్కడి గోడమీద అంకె ఉంది, పేరు లేదు.

ఇదంతా నాన్నగారు ఓపికగా విన్నారు. గోడ సంగతి ఆయనకు పట్టలేదు.

"తేదీ మళ్ళీ చెప్పు," అన్నారు.

చెప్పాను. వేళ్ళమీద లెక్కవేసి, చాలక, పురోహితుడిగారికి ఫోను చేశారు. పింగళ నామ సంవత్సరం, ఆషాఢ బహుళం అని తేలింది. తిథి కూడా కాగితం మీద రాసుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇక అమావాస్య దాకా ఆగక్కర్లేదురా," అన్నారు. "వంటవాడికి చెప్పు. ఆషాఢంలో కందకూర దొరుకుతుందో లేదో కనుక్కో."