పెనుగంచిప్రోలున రెండెడఁబాటు కథలు

నందిగామ, జగ్గయ్యపేటల చేరువను మున్నేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలు పేరు చెప్పఁగానే తెలుఁగువారికి తిరుపతమ్మ తిరునాళ్ల తలఁపునకు వచ్చును. అది పడుచుదంపతుల కథ. పసులను మేపుటకై యడవికేగిన గోపయ్య పులివాతఁ బడెను. తిరుపతమ్మ యగ్నిఁజొచ్చి భర్త ననుసరించెను. రెండేండ్ల కొకసారి యా విగ్రహములను రంగులు దిద్దించుటకు జగ్గయ్యపేటకుఁ గొనిపోయి, మరల నూరేగింపుగాఁ దెచ్చుట యీ మెరకసీమకుఁ బెద్ద పండువు.

ఆ యూరనే 1874వ సంవత్సరమున భండారు అచ్చమాంబగారు జన్మించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుపంతులుగారి కీమె యక్క. 1902లో “హిందూసుందరి” పత్రికయందు “స్త్రీవిద్య” యను చిన్నకథను బ్రకటించిరి. అదియు నెడఁబాటు కథయే. భర్త చెఱసాలకుఁ బోవలసియున్నాఁడు. భార్యకుఁ జదువు రాదు. గురజాడవారి “దిద్దుబాటు” 1910 నాటిది. తొలికథ యెవరిదను తగవును పండితులకే విడిచిపెట్టుదము. మేమిచటఁ జూడఁదలఁచినది ఆమె పనితనము.

కథ యంతయు నాలుమగల సంభాషణమే. ఆమె కన్నీరు కాలువలు గట్టెనని చెప్పుటకు నడుమ నొక కథకుఁడు లేఁడు. పాఠకుఁడు తలుపుచాటున నిలిచి విన్నవానివలె, ఆ మాటలనుండియే వారి మనసుల నెఱుఁగవలెను. నాఁటి వచనమున నిది సామాన్యమైన సాహసము కాదు. వర్ణన లేనిదే రచన కాదనుకొను దినములవి!

అంతకన్న మేలైన నేర్పు, కథను నిలిపిన ఘడియలో నున్నది. పాడుకొను కథలు తఱచుగా నెడఁబాటు గడచినపిమ్మట నెలుఁగెత్తును. అప్పటికి నేడ్చుటయో, నిప్పుఁజొచ్చుటయో తప్ప వేఱొక దారి యుండదు. అచ్చమాంబగారు గడియారమును వెనుకకుఁ ద్రిప్పి యెడఁబాటునకు ముందటి ఘడియను బట్టుకొనిరి. ఇంకను జేయఁదగిన పని మిగిలియున్న ఘడియ యది. ఆ పని యక్షరములు దిద్దుట. చదువురాని పడుచుభార్యకు భర్త జాబు వచ్చినచో నెవరు చదివిపెట్టవలెను? ఆమె ప్రత్యుత్తర మెవరిచేత వ్రాయించుకొనవలెను? మగనితోఁ జెప్పుకొనవలసిన మాటను పొరుగింటివాని చెవినిఁ బడవేయుటకంటె మౌనమే మేలనిపింపదా? విరహమున కింత చిన్న వస్తువును, ఒక జాబును, ఆధారము చేయుటవలన నా ప్రేమ పుస్తకములలోని ప్రేమగాక యింటిలోని ప్రేమ యైనది.

లోపము లేకపోలేదు. భర్త పలుకులలో నడుమనడుమ సంఘసంస్కర్త గొంతుక వినవచ్చును. ప్రేమించువాఁ డంత యుపన్యాసధోరణిఁ బల్కునా యని యనుమానము కలుగును. అదే సంవత్సరమునఁ బ్రకటించిన “ధనత్రయోదశి”లో నీ కొఱఁతకుఁ జోటు తక్కువ. అందఱును ధనమును బూజించు పండుగనాఁడు, భర్త దొంగిలించి తెచ్చిన సొమ్మును పేదయిల్లాలు తిరిగి యిప్పించును. చెప్పవలసినది పండుగపేరే చెప్పినది.

నేఁటి ప్రేమకథలు వ్రాయు యువకులు నాయికను మొదటిపుటలోనే చంపి, తక్కిన పుటలు శోకముతో నింపుట మే మెఱుఁగుదుము. వారీ చిన్నకథను జదివి, తమ కథను నాలుగుదినములు ముందుకు జరిపిచూతురు గాక. మన పాఠశాలలలోఁ గథారచన నేర్పువారికిని నిది పనికివచ్చును.

ఈ నిగ్రహము దుఃఖ మెఱుఁగనివారి నిగ్రహము కాదు. పదియవయేటనే వివాహమై, తమ్మునితోపాటు తానును జదువు నేర్చుకొని, కన్నబిడ్డల నిరువురను గోలుపోయిన తల్లి యామె. ఆ తల్లియే 1901లో “అబలాసచ్చరిత్ర రత్నమాల” మొదటిభాగమును వెలువరించిరి. 1905 జనవరిలో, ముప్పదియేండ్ల ప్రాయమున, స్వర్గస్థురాలైరి. స్త్రీల చరిత్రలను వ్రాయు నాపని నడుమనే నిలిచిపోయినది.