చాపమీద కథాక్రీడలు

వేషము కట్టుట కృష్ణాతీరమునకు క్రొత్తగాదు. కూచిపూడిలో తరతరములుగా పురుషులే సత్యభామ వేషమును ధరించుచు వచ్చిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఈ వేషమువలననే దేశమంతట ప్రసిద్ధులైరి. గుడివాడ ప్రాంతమున 1924లో జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారును నాటకరంగమున మొదట స్త్రీపాత్రలతోనే పేరు గడించిరి. స్త్రీ వేషము పురుషునకు దక్కినదిగాని, ఆ కళను పోషించిన కుటుంబములలోని స్త్రీలకు చిరకాలము చూచువారి స్థానమే మిగిలెను. రంగస్థలముగాని, అలంకారముగాని, ప్రేక్షకులుగాని లేకయే, ఇంట నలుగురు చాపమీద కూర్చుండి పాత్రలు వహింపదగిన క్రీడలు కొన్ని కలవు. వానిలో మన యిండ్లకు అంతగా తెలియని రెంటిని ఇచ్చట పరిశీలింతము.

ఇట్టి ఆటకు బీజము మన బాల్యముననే యున్నది. గుజ్జనగూళ్లు, బొమ్మల పెండ్లి ఆడని బాలిక పూర్వము అరుదు. లక్కపిడతలు, గుప్పెడు అటుకులు, కొంచెము బెల్లము, రెండు బొమ్మలు - సామగ్రి యింతే. నియమముల పుస్తకము లేదు. "నేను పెండ్లికూతురి తల్లిని, నీవు వియ్యపురాలవు" అనుకొన్నంతనే ఆట మొదలగును. కట్నములమీద వాదము, అలుకలు, విందు అన్నియు అప్పటికప్పుడు పుట్టును. ఈ యాటకు గల లోప మొక్కటే. పాత్రలు పెండ్లిని, వంటను దాటి పోవు. పదేండ్లు నిండగానే "ఇంక పెద్దదానవైతివి" అని ఆ చాపను చుట్టివేయుదురు.

పశ్చిమదేశములలో పెద్దలు ఆడదగిన పాత్రక్రీడను 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిరి. దాని పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు ఒక్కొక్క పాత్ర వహించి "నేనిట్లు చేసెదను" అని చెప్పుదురు. సందేహము కలిగినచోట పాచికలు వేయుదురు. కాలక్రమమున దాని నియమములు పెద్ద గ్రంథములుగా పెరిగెను. అంత చదువుటకు ఓపికలేనివారికై, కొలది పుటలలోనే నియమములు ముగియు చిన్న ఆటలను తరువాతివారు రచించిరి.

మొదటిది ఫర్ ది క్వీన్. అలెక్స్ రాబర్ట్స్ రచించిన ఈ ఆట 2019లో వెలువడెను. పాచికలు లేవు; కథ నడుపు పెద్దయు లేరు. ఆడువారందరు ఒక రాణి పరివారము. దూరదేశముతో సంధికై రాణి అపాయకరమైన ప్రయాణమున నున్నది. ఒక్కొక్కరు ఒక ప్రశ్నాపత్రమును తీసి, రాణితో తమకు గల సంబంధమునుగూర్చిన ప్రశ్నకు జవాబు చెప్పవలయును. ఇష్టము లేనిచో దానిని ప్రక్కవారికి ఈయవచ్చును. ఆ విషయమే వలదనిన ఆటనుండి తొలగింపవచ్చును. చివరి పత్రము వచ్చునప్పటికి రాణిమీద దాడి జరుగును. ఆమెను కాపాడుదురా లేదా యని అందరు చెప్పవలయును. అంతవరకు ప్రేమయే చెప్పినవారు అచ్చట వెనుదీయుట కలదు. నిష్ఠురములాడినవారు అడ్డుపడుటయు కలదు. అత్తగారిని, యజమానురాలిని, పెద్దయక్కను మనసులో నుంచుకొని జవాబు చెప్పువారికి ఈ ఆట మిక్కిలి తగినది. మాటకారి ఒకరున్నచో తక్కినవారిని మ్రింగివేయుట దీనిలోని దోషము.

రెండవది ది క్వైయట్ ఇయర్. ఏవరీ ఆల్డర్ రచన, 2013లో వెలువడెను. ఇద్దరు మొదలు నలుగురివరకు ఆడవచ్చును. ఒక తెల్లకాగితము, ఒక పేకకట్ట, కొన్ని చిన్న పాచికలు, గుప్పెడు చింతగింజలు చాలును. ఇందు ఎవరికిని ప్రత్యేకపాత్ర లేదు. అందరును కలిసి ఒక యూరు. ఏబదిరెండు ముక్కలును ఏబదిరెండు వారములు. నాలుగు రంగులును నాలుగు ఋతువులు. ముక్క తీసినపుడెల్ల ఊరిలో నొక సంగతి జరుగును. దానిని పటములో గీయవలయును. పిదప క్రొత్తదానిని కనుగొనవచ్చును, చర్చ పెట్టవచ్చును, లేదా ఒక పనిని ఆరంభింపవచ్చును. చర్చలో ఒక్కొక్కరు ఒక్కమారే మాటలాడవలయును, తీర్పు ఉండదు.

చింతగింజల నియమము నన్ను మిక్కిలి ఆకర్షించినది. తన్ను అడుగక నిశ్చయము జరిగినదని తోచినవారు వాదింపరు. ఒక గింజ తీసి తమముందు ఉంచుకొందురు. కోపము తీరినపుడో, తామును స్వార్థముగా నడచినపుడో దానిని తిరిగి రాశిలో వేయుదురు. ఇంటిలో తన మాట అడుగనప్పుడు కోడలు మౌనముగా వంటింటిలోనికి పోవును. ఆ మౌనము ఎవరికిని కనబడదు. ఇచ్చట అది గింజయై అందరి యెదుటను నిలుచును.

ఇస్పేటు రాజు వచ్చినపుడు మంచుకాపరులు వత్తురు, ఆట ముగియును. దివిసీమకు మంచు తెలియదు, ఉప్పెన తెలియును. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది ప్రాణములు పోయెను. కావున ఆటను మార్గశిరమున మొదలిడి కార్తికమున ముగించి, ఇస్పేటు రాజునకు బదులు సముద్రమునే రానిండు. కరకట్టకు ముందు మన్ను వేయుదురా, బడిని కట్టుదురా, పడవలను బాగుచేయుదురా? గట్టి మేడ ఎవరి వీధిలో లేచును? ఈ ప్రశ్నలకు బాలికలు చెప్పు జవాబులు వినదగినవి.

ఐనను ఒక జాగ్రత్త వలయును. ఆ ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకొన్న బామ్మగారు ఇంట నున్నచో ముందుగా వారి యనుమతి గొనుడు. వారు వలదనిన మంచుకాపరులనే రానిండు. వారే వచ్చి చాపమీద కూర్చుండి "రేవు ఇచ్చట నుండెడిది" అని గీత గీసినచో, ఆ కాగితమును భద్రపరచుడు.

రెండాటలును ఆంగ్లమున వెలువడినవే. ఆంగ్లము చదివిన పిల్లలు ప్రశ్నలను తెలుగున చెప్పినచో పెద్దలకు కష్టముండదు. తీరిక తక్కువైనవారు మొదటి దానిని, ఒక మధ్యాహ్నమంతయు చేతిలో నున్నవారు రెండవదానిని ఎన్నుకొనవచ్చును. నియమములు తగ్గినకొలది ఒకరి మాట నొకరు వినవలసిన భారము పెరుగును. ఆ భారమును మోయలేనివారికి ఈ యాటలు రుచింపవు. మోయువారి యింట, తరువాత ఏమి జరుగవలయునో చెప్పు వంతు చిన్న కోడలికిని, పదేండ్ల బాలికకును గూడ వచ్చును.