ప్లగ్గు పెట్టే ముందు

అటక మీంచి దింపిన వాల్వు రేడియోని చూడగానే ఎవరికైనా పుట్టే మొదటి కోరిక ఒకటే: పాడుతుందో లేదో చూద్దామని. ఆ తొందరలోనే చాలా సెట్లు పాడైపోతున్నాయి. ఇన్నేళ్లూ బట్ట కప్పుకుని క్షేమంగా ఉన్న రేడియో, కరెంటిచ్చిన కాసేపటికే ట్రాన్స్‌ఫార్మర్ కాలి వాసన కొడుతుంది. అందుకే పాత రేడియోల మీద మోజు పడ్డవాళ్లకి సోల్డరింగ్ సంగతి తర్వాత చెప్పాలి. ముందు సెట్టుని చదవడం రావాలి. అది ఏ కాలానిదో, ఏ కరెంటు మీద నడిచేదో, లోపల ఏ భాగం ఏ పని చేస్తుందో చాలావరకు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, జుమేరాత్ బజారులోనూ ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నేషనల్ ఎకో సెట్లు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. కొనేటప్పుడు పెట్టె నిగనిగ కన్నా వెనక అట్ట ఉందో లేదో చూడాలి. మోడల్ నంబరు, కరెంటు వివరాలు సాధారణంగా అక్కడే ఉంటాయి. ఇంట్లోవాళ్ల దగ్గరే కొంటున్నట్టయితే లైసెన్సు పుస్తకం ఉందేమో అడగండి. 1980ల్లో రద్దయ్యేదాకా రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టేవారు. ఆ పుస్తకం మీది ముద్రల తేదీలు సెట్టు వయసు చెప్పేస్తాయి. చిత్తు కాగితం అనుకుని పారేస్తారు గానీ, నా దృష్టిలో అది రేడియోలో సగం.

పుస్తకం దొరక్కపోతే డయల్ ఉంది. దాని మీద విజయవాడ పేరుంటే సెట్టు 1948 తర్వాతిదే, ఎందుకంటే అక్కడి ఆకాశవాణి కేంద్రం మొదలైంది ఆ ఏడాది డిసెంబరు 1న. పేరు లేకపోతే మాత్రం ఏమీ తేలదు. చాలా డయళ్ల మీద పెద్ద నగరాలే వేసేవారు. అంకెలు కిలోసైకిళ్లలో ఉంటే ఇంకో ఆధారం. హెర్ట్జ్ అనే ప్రమాణాన్ని అంతర్జాతీయంగా ఆమోదించింది 1960లో, అది డయళ్ల మీదికి ఎక్కడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఒక్క జాగ్రత్త: ఆ అక్షరాలు అద్దానికి లోపలి వైపు అచ్చువేసి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ రంగు అద్దాన్ని వదిలేసి, పొరలాగా ఊరికే అంటుకుని ఉంటుంది. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే కొలంబో, లండన్ అన్నీ గుడ్డకి వచ్చేస్తాయి. మెత్తటి పొడి బ్రష్షు తప్ప మరేదీ తగలనివ్వకూడదు.

అసలు కథ వాల్వుల మీద ఉంది. మన దేశంలో 1950ల చివరి నుంచి వచ్చిన చాలా సెట్లలో ఫిలిప్స్ పద్ధతి పేర్లే కనిపిస్తాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన వాల్వులూ ఆ పేర్లతోనే వచ్చాయి. ఉదాహరణకి ఇసిహెచ్ 81, ఇబిఎఫ్ 89, ఇసిఎల్ 82, ఇజడ్ 80 అనే నాలుగు వాల్వులు తీసుకోండి. మొదటి అక్షరం హీటరు సంగతి చెబుతుంది: ‘ఇ’ అంటే 6.3 వోల్టులు. మిగతా అక్షరాలు గాజుబుడ్డి లోపల ఏమున్నాయో చెబుతాయి. ‘సి’ ట్రయోడ్, ‘హెచ్’ హెప్టోడ్, ‘బి’ రెండు డయోడ్లు, ‘ఎఫ్’ పెంటోడ్, ‘ఎల్’ స్పీకరుని మోగించగల శక్తి ఉన్న పెంటోడ్, ‘జడ్’ రెక్టిఫయర్. అంకెల్లో మొదటిది 8 అయితే తొమ్మిది కాళ్ల సాకెట్. ఇప్పుడు సర్క్యూట్ కాగితం లేకపోయినా సెట్టు అర్థమైపోతుంది. ఇసిహెచ్ 81 స్టేషన్ సిగ్నల్‌ని పట్టి మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి మారుస్తుంది; ఇబిఎఫ్ 89 దాన్ని పెంచి అందులోంచి మాటనీ పాటనీ విడదీస్తుంది; ఇసిఎల్ 82 వాటిని స్పీకరుకి అందిస్తుంది; ఇజడ్ 80 ఏసీని డీసీ చేస్తుంది. ఇఎమ్ 80 లాంటి పేరుంటే అది మ్యాజిక్ ఐ, స్టేషన్ సరిగ్గా తగిలినప్పుడు మారే ఆకుపచ్చ వెలుగు.

అదే మొదటి అక్షరం ‘డి’ అయితే 1.4 వోల్టుల బ్యాటరీ వాల్వు. కరెంటు లేని ఊళ్లలో వాడిన సెట్లవి. ఆ వాల్వులో వేడెక్కే తీగ వెంట్రుకకన్నా సన్నం, 90 వోల్టుల బ్యాటరీ వైరు పొరపాటున తగిలితే సెట్టులోని వాల్వులన్నీ ఒకేసారి పోతాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకొకటుంది. ట్రాన్సిస్టర్లు వచ్చిన కొత్తలో వాటికీ ఇలాగే పేరు పెట్టారు. ఒసి 71లో ‘ఒ’ అంటే హీటరు సున్నా, అసలు లేదని. ‘సి’ అంటే ట్రయోడ్. ఒక యుగం వెళ్లి ఇంకోటి వచ్చిన గుర్తు రెండక్షరాల్లో ఉండిపోయింది.

‘యు’ దగ్గర ఆగి నెమ్మదిగా చెప్పాలి, ప్రాణం మీదికొచ్చే విషయం. యుసిహెచ్ 81, యుఎల్ 84, యువై 85 లాంటి వాల్వుల హీటర్లన్నీ వరుసగా కలిపి 100 మిల్లీఆంపియర్ల మీద నడుస్తాయి. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, ఏసీ మీదా డీసీ మీదా పనిచేస్తాయి. డీసీ కరెంటు ఉన్న పట్టణాల కోసమూ, చౌక కోసమూ ఇలా చేశారు. కానీ గోడలోంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలుస్తుంది. రెండు కాళ్ల ప్లగ్గు తిరగేసి పెడితే రేడియో ఇనుమంతా 230 వోల్టులు. నాబ్ ఊడిపోయి ఇనప కడ్డీ బయటికి కనిపిస్తుంటే అదీ ఫేజే. ‘యు’ వాల్వులున్న సెట్టుని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తెరిచి నడపకూడదు. ఇందులో అనుభవం పెరిగినవాళ్లకీ మినహాయింపు లేదు.

సెట్టుని చదవడం అయ్యాక కండెన్సర్లు. కాలానికి ముందు లొంగేవి ఇవే, వాల్వులు కావు. ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతాయి, కాగితం కండెన్సర్లు తేమ పీల్చి లీకవుతాయి. వాటన్నిటిలో ఒకదాన్ని మాత్రం పేరుపేరునా వెతికి పట్టుకోవాలి: ట్రయోడ్ ప్లేటు నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకి వెళ్లే కప్లింగ్ కండెన్సర్. సాధారణంగా 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్ ఉంటుంది. ఒకవైపు వంద వోల్టులకి అటూఇటూగా ఉంటే, రెండోవైపు గ్రిడ్డు సున్నా దగ్గర ఉండాలి. ఇది కొంచెం లీకైనా గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది. అవుట్‌పుట్ వాల్వు అదుపు తప్పి కరెంటు లాగుతుంది, దాంతో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పది రూపాయల భాగం, ఇప్పుడెక్కడా దొరకని భాగాన్ని తినేస్తుంది. మొదట్లో చెప్పిన కాలిన వాసన వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

గ్రిడ్డు మీద ఒకటి రెండు వోల్టుల పాజిటివ్ కనిపించినా వదలకూడదు. ఏసీ సెట్టు అయితే ఆ వాల్వు తీసేసి మళ్లీ చూడాలి. వోల్టేజి అలాగే ఉంటే తప్పు కండెన్సర్‌ది, మాయమైతే వాల్వుది. ఈ కొలతలు తీసేటప్పుడు రెండో చెయ్యి జేబులోనే ఉండాలి, మొదటిసారైతే తెలిసిన మెకానిక్కు పక్కన ఉండాలి. కరెంటు తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 250 వోల్టులు నిలవ ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టాలి.

మొదటిసారి కరెంటివ్వడం కూడా నేరుగా కాదు, 60 వాట్ల ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు. ముందు వెలిగి హీటర్లు వేడెక్కేకొద్దీ తగ్గితే ఊపిరి పీల్చుకోవచ్చు. కొత్త కండెన్సర్లు, రెసిస్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి.

ట్రాన్సిస్టర్ సెట్ల జబ్బులు వేరు. ఒక్కటే చెబుతాను, ఎందుకంటే దీనివల్లే మంచి సెట్లు తుక్కులోకి పోతున్నాయి. 1960ల సెట్లలో ఉండే ఎఎఫ్ 117 రకం ట్రాన్సిస్టర్ల రేకు డబ్బా లోపలి గోడ మీద తగరం సన్నటి మీసాల్లా మొలుస్తుంది. ఆ మీసం లోపలి తీగకి తగిలితే షార్టు, రేడియో మూగ. ఈ ట్రాన్సిస్టర్‌కి నాలుగు కాళ్లు, అందులో ఒకటి డబ్బాకి మాత్రమే కలుస్తుంది. ఆ కాలు కత్తిరిస్తే షార్టు భూమికి చేరదు, చాలా సెట్లు అక్కడికక్కడే మాట్లాడతాయి.

సెట్టు పలికాక ఇంకో ప్రలోభం ఎదురవుతుంది. డయల్ మీద పేరున్న చోట ఆ స్టేషన్ రాదు. వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుని ఐఎఫ్‌టీల (మధ్యస్థ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్ల) తలలు తిప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. 1978 నవంబరులో ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల మీడియం వేవ్ స్టేషన్లన్నిటినీ 9 కిలోహెర్ట్జ్‌ల దూరంలో సర్దారు. విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖ 927, ఏది తీసుకున్నా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అంతకుముందు అచ్చయిన డయల్ ఈ సర్దుబాటుకి కొంచెం అటూఇటూగానే ఉంటుంది. తప్పు సెట్టుది కాదు. ఇక గరగర వస్తుంటే ముందు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులూ, ఫోన్ ఛార్జర్లూ తీసి చూడండి. ఆ తర్వాత వాకిట్లోకి పది మీటర్ల ఏరియల్ తీగ లాగండి.

తీసేసిన ప్రతి పాత భాగాన్నీ ఒక కవర్లో వేసి, ఏది ఎక్కడిదో, ఏ తేదీన ఏది మార్చారో కాగితం మీద రాసి, పెట్టె లోపల వెనక అట్టకి ఆనించి ఉంచండి. వాల్వుల వేడి తగలని మూల చూసుకుని పెట్టాలి.