కంబళి – గింబళి

జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటారు. మొన్న నాకు పట్టినదీ అంతే. కాని అందులో ఒక రోజు మాత్రం మరచిపోలేను.

1936లో మా బరంపురం ఒడిశాలో చేరింది. ఇప్పుడు మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. తొమ్మిదేళ్ల మనవడికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఒడియాలోనే చెబుతాడు. వాడిచేత తెలుగు మాట్లాడించండర్రా అని కొడుకుతో, కోడలితో పోరి పోరి విసిగిపోయాను.

ఆ రోజు పసుపు వేసి ఆవిరి పట్టి, మిరియాల చారు తాగి, కంబళి కప్పుకుని టీవీలో ‘మాయాబజార్’ పెట్టించుకున్నాను. 1957లో కె.వి.రెడ్డిగారు తీసిన చిత్రం. 2010లో రంగులద్దుకుని మళ్లీ వచ్చింది. జలుబు అంటుకుంటుంది, దగ్గరికి రావద్దంటే వాడు గుమ్మంలో కూర్చున్నాడు. ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావుగారు కనబడేసరికి లోపలికి జరిగాడు. కంబళికి జోడీగా పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన ‘గింబళి’ వినగానే పడీపడీ నవ్వాడు.

సినిమా అయ్యేసరికి నాకు కునుకు పట్టింది. ఎవరో కాళ్లమీద కంబళి సర్దుతున్నారు.

"నాన్నమ్మా, గింబళి జారిపోయింది. కప్పుకో."

నిఘంటువులో లేని మాటే! అయినా వాడు తనంతట తాను నాతో అన్న తొలి తెలుగు వాక్యం అది.

రెండు రోజులకు వాడికీ తుమ్ములు మొదలయ్యాయి. కోడలు నన్ను కోప్పడింది. వాడు మాత్రం కంబళి తెచ్చుకుని నా పక్కన చేరి, "మళ్లీ పెట్టు" అన్నాడు.

మీరు మాత్రం జలుబు చేసేదాకా ఆగకండి.