‘స్టాకు లేదు’ అనే మాట ఎక్కడ పుడుతుంది?

2024 మార్చి 18న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ పంపింది. టీబీ మందుల సరఫరా ఆలస్యమవుతోంది కాబట్టి మూడు నెలలకు సరిపడా మందును మీరే స్థానికంగా కొనుక్కోండి అని దాని సారాంశం. జిల్లాలో కొనడం కూడా కుదరకపోతే రోగి బయట కొనుక్కున్న ఖర్చును తిరిగి చెల్లించమన్నారు. అంటే రోజు కూలి పడితే తప్ప పొయ్యి వెలగని మనిషి ముందు తన డబ్బు పెట్టి మందు కొనాలి, తర్వాత బిల్లు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఇలాంటప్పుడు మనం మామూలుగా పీహెచ్‌సీకి వెళ్ళి ఫార్మసిస్టును నిలదీస్తాం. ఆయన ఖాళీ అల్మరా తెరిచి చూపిస్తాడు. ఆ అల్మరా ఖాళీ కావడం అంతకు చాలా నెలల ముందే, ఎక్కడో లెక్కలు వేసే బల్ల దగ్గరే ఖాయమై ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ కోసం పోరాడినప్పుడు బడ్జెట్ పద్దులు చదవడం నేర్చుకున్నాం. ఏ పద్దు కింద ఎంత పెట్టారు, ఎంత మళ్ళించారు అని అడగడం వచ్చాకే 2013 చట్టం దాకా వెళ్ళగలిగాం. మందుల కొనుగోలును కూడా అలాగే చదవడం నేర్చుకోవాలి. టీబీ మందుల విషయంలో దాన్ని నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ జెనీవాలో ఉంది.

దాని పేరు గ్లోబల్ డ్రగ్ ఫెసిలిటీ, పొట్టిగా జీడీఎఫ్. 2001లో మొదలైంది. ‘స్టాప్ టీబీ పార్ట్‌నర్‌షిప్’ అనే అంతర్జాతీయ సంస్థలో ఇది ఒక విభాగం. దీనికి సొంత ఫ్యాక్టరీ లేదు. చిన్నా పెద్దా దేశాలకు ఎంత టీబీ మందు కావాలో కలిపి ఒక పెద్ద ఆర్డరుగా మార్చి, టెండరు పిలిచి, నాణ్యత చూసి, ధర ఖాయం చేసి, ఓడ మీదో విమానం మీదో ఆ దేశానికి చేర్పిస్తుంది. డబ్బు కొన్ని దేశాలకు గ్లోబల్ ఫండ్ గ్రాంటు నుంచి వస్తుంది, కొన్ని తమ ఖజానా నుంచి చెల్లిస్తాయి. విడిగా వెళితే ఏ కంపెనీ పట్టించుకోని చిన్న దేశం కూడా ఈ గుంపులో చేరితే పెద్ద కొనుగోలుదారు అవుతుంది. రైతులు కలిసి ఎరువు లారీ తెప్పించుకున్నట్టే ఇదీ.

ఈ పని మొత్తంలో టెండరు కంటే ముందు వచ్చేది అంచనా. అసలు కీలకం అక్కడే ఉందని నా అభిప్రాయం.

మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ అనే మందును తీసుకోండి. మాత్ర 100 మిల్లీగ్రాములు. మొదటి రెండు వారాలు రోజుకు 4 మాత్రలు, అంటే 56. తర్వాత 22 వారాలు వారానికి మూడు రోజులు, రోజుకు 2 చొప్పున, అంటే 132. మొత్తం 188. అందుకే ఆ డబ్బాలో సరిగ్గా 188 మాత్రలు ఉంటాయి. ఒక మనిషికి ఒక డబ్బా. ఎంతమంది మనుషులు అన్నది తెలిస్తే చాలు, పాత స్టాకు తీసేసి, దారిలో ఉన్న సరుకు తీసేసి, అత్యవసరానికి కొంత కలిపి ఆర్డరు రాయొచ్చు.

మామూలు టీబీ మందు లెక్క ఇంత తేలిక కాదు. మన దేశంలో పెద్దవాళ్ళకు మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది. 25 నుంచి 34 కిలోలుంటే రోజుకు 2 మాత్రలు, 35 నుంచి 49 కిలోలుంటే 3, 50 నుంచి 64 అయితే 4. మొదటి 56 రోజులు నాలుగు మందులు కలిసిన మాత్ర, ఆ తర్వాత 112 రోజులు మూడు మందులు కలిసిన మాత్ర. 42 కిలోల మనిషికి మొదటి రకం 168, రెండో రకం 336 కావాలి. తిండి దొరికి, మందు పనిచేసి ఆ మనిషి 50 దాటితే లెక్క మళ్ళీ మారుతుంది. పెద్దాఫీసులో కూర్చుని లెక్క వేసేవాళ్ళు మన వాడల మనుషుల బరువును ఊహించాలి. ఆకలి కూడా ఇండెంటులో ఒక అంకె అన్నమాట.

ఎంతమంది మనుషులు అన్నది ఎలా తెలుస్తుంది? రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పోయిన ఏడాది ఎన్ని మాత్రలు ఖర్చయ్యాయో చూడటం. రెండోది, ఎంతమంది రోగులు నమోదయ్యారో చూసి మాత్రలతో గుణించడం. రెండింటిలోనూ ఒకటే గొయ్యి ఉంది. ఒక కేంద్రంలో 40 రోజులు స్టాకు లేదనుకోండి. ఆ 40 రోజుల్లో ఖర్చు సున్నా. వచ్చినవాళ్ళంతా ఉత్తి చేతులతో వెళ్ళారు. లెక్కలో మాత్రం ఇక్కడ మందు వాడకం తగ్గింది అని కనిపిస్తుంది, వచ్చే ఏడాదికి ఆర్డరూ తగ్గుతుంది. మందు అందనందుకు శిక్షగా మళ్ళీ మందు అందదు. ఈ పని తెలిసినవాళ్ళకు ఈ లోపం తెలుసు. స్టాకు లేని రోజుల్ని తీసేసి, ఉన్న రోజుల సగటుతో లెక్కగట్టాలని వాళ్ళే చెబుతారు. కానీ స్టాకు ఎన్ని రోజులు లేదో కింద ఎవరైనా రాసిపెడితేనే పైన దిద్దగలరు. నా పరిశోధన కోసం ఒక జిల్లాలో నేను తిరగేసిన స్టాకు రిజిస్టర్లలో ఆ గడి చాలా పేజీల్లో ఖాళీగానే ఉంది.

రెండో పద్ధతిలోనూ అంతే. నమోదు కావాలంటే ముందు పరీక్ష జరగాలి. ఒడిశాలోని బలంగీర్ నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు, పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయే కూలీలు ఒక ఊళ్ళో నమోదై ఇంకో ఊళ్ళో దగ్గుతుంటారు. లెక్క సొంతూరిలో, అవసరం బట్టీ దగ్గర. రాతి క్వారీల్లో, మురుగు కాలువల్లో పనిచేసేవాళ్ళు ఎవరో, ఏ కులాలవాళ్ళో ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు. అంచనా సూత్రంలో కులం అనే గడి ఉండదు, నిజమే. వెనక్కి పంపేసినవాళ్ళ గడి కూడా ఉండదు. మన అనుభవంలో ఆ రెండు గడుల్లోనూ పడేది చాలాసార్లు ఒకే మనుషులు.

అంచనా తక్కువైతే ఏమవుతుందో బెడాక్విలినే చూపించింది. 2016లో ఆ మందు మన దేశ కార్యక్రమంలోకి వచ్చినప్పుడు విరాళంగా అందిన 600 కోర్సులతో, ఆరు ఆసుపత్రులకే పరిమితమై మొదలైంది. ఢిల్లీ, ముంబై, చెన్నై, అహ్మదాబాద్, గువాహటి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. పట్నాకు చెందిన ఒక 18 ఏళ్ళ అమ్మాయికి ఢిల్లీలో ఆ మందు దొరకలేదు, ఆమె ఢిల్లీ నివాసి కాదన్నారు. తండ్రి హైకోర్టుకు వెళ్ళాడు. 2017 జనవరిలో మందు ఇచ్చేందుకు దారి తెరుచుకుంది. 2018లో ఆమె చనిపోయింది. సరుకు కొద్దిగా ఉన్నప్పుడు ఎవరికివ్వాలన్న నిబంధన పుడుతుంది. ఆ నిబంధన వైద్యం మాట్లాడుతున్నట్టే ఉంటుంది, అడిగేది మాత్రం చిరునామా.

ఇక నాణ్యత. జీడీఎఫ్ లాంటి సంస్థలు తక్కువ ధర చెప్పిన ప్రతి కంపెనీ దగ్గరా కొనవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చిన మందో, గట్టి నియంత్రణ సంస్థ ఆమోదించిన మందో అయి ఉండాలి. అలా కానప్పుడు నిపుణుల బృందం పరిశీలించి పరిమిత కాలానికి ఒప్పుకోవాలి. ఈ గేటు ఎంత బలమైనదో హైదరాబాద్ వాళ్ళకు తెలియాలి. ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ తయారు చేసిన ఐదు రోగాల టీకా షాన్5ను యునిసెఫ్ పెద్ద ఎత్తున కొనేది. 2010లో సీసాల్లో తెల్లటి మడ్డి కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అర్హుల జాబితా నుంచి తీసేసింది. మళ్ళీ జాబితాలోకి రావడానికి 2014 దాకా పట్టింది. పేదలకిచ్చేది కదా, ఏదో ఒకటిలే అనే ధోరణి మీద ఇదొక తాళం. నేనైతే ఈ గేటును సడలించమని ఎప్పుడూ అడగను.

అదే సంఘటన ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఒక్క కంపెనీ మీదే ఆధారపడితే ఆ కంపెనీ ఆగిన రోజు పిల్లల టీకాలూ ఆగుతాయి. అందుకే మంచి కొనుగోలుదారు అందరికంటే తక్కువ చెప్పినవాడికే మొత్తం ఆర్డరు కట్టబెట్టడు. ముగ్గురికి పంచుతాడు, కాస్త ఎక్కువ చెల్లించైనా. మన ఆడిట్ నివేదికలు ఎక్కువ ధరకు ఎందుకు కొన్నారని మాత్రమే అడుగుతాయి. రెండో సరఫరాదారు ఎందుకు లేడు అని కూడా ఎవరో ఒకరు అడగాలి.

ధర సంగతికి వస్తే, అది కంపెనీ దయ కాదు, పోటీ. ఆ పోటీ ఎలా వచ్చిందో చూడండి. బెడాక్విలిన్ జాన్సన్ అండ్ జాన్సన్ మందు. అసలు పేటెంటు 2023 జూలైలో ముగియాలి. ఆ మందు లవణ రూపం మీద మరో పేటెంటు తీసుకుని మన దేశంలో గుత్తాధిపత్యాన్ని 2027 దాకా పొడిగించాలని కంపెనీ చూసింది. 2019 ఫిబ్రవరిలో ఇద్దరు యువతులు దాని మీద అభ్యంతరం దాఖలు చేశారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే. ఇద్దరూ టీబీని జయించినవాళ్ళు. పాతకాలపు ఇంజెక్షన్ల విషం వల్ల ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నారు. బెడాక్విలిన్ లాంటి మాత్రలు అందుబాటులో ఉంటే ఆ ఇంజెక్షన్ల అవసరమే ఉండదు. 2023 మార్చి 23న భారత పేటెంటు కార్యాలయం కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది.

జూలైలో, ఎక్కువ పేద, మధ్య ఆదాయ దేశాలకు జనరిక్ మందు కొని పంపేందుకు కంపెనీ జీడీఎఫ్‌తో ఒప్పందానికొచ్చింది. ఆగస్టులో టెండరు ఫలితం బయటికొచ్చింది. అప్పటిదాకా 289 డాలర్లున్న ఆరు నెలల కోర్సును భారతీయ కంపెనీ లుపిన్ 194కి ఇస్తానంది. జాన్సన్ అండ్ జాన్సనే 130కి దిగింది. నిన్నటిదాకా తగ్గించలేమన్న ధర, పక్కన ఇంకొకడు నిలబడగానే సగానికన్నా ఎక్కువ తగ్గింది. ఇందులో ఒక చేదు కూడా ఉంది. జీడీఎఫ్ ద్వారా కాకుండా తన సొంత టెండరులో కొన్న దక్షిణాఫ్రికా, అంటే ఫుమేజా దేశం, అప్పుడు దానికి రెట్టింపుకు పైగా చెల్లిస్తోంది. అక్కడి పోటీ కమిషన్ విచారణ మొదలుపెట్టాకే కంపెనీ దిగొచ్చింది.

టెండరు అయ్యాక మిగిలేది రవాణా, కస్టమ్స్, గోదాము. ఇవి విసుగు పుట్టించే విషయాలే కానీ మందు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. ఆర్డరు నుంచి చేరేదాకా నెలలు పడుతుంది. ఈలోగా చికిత్సా విధానం మారిపోవచ్చు. 2018లో కనామైసిన్ ఇంజెక్షన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, 2022లో ఆరు నెలల కొత్త విధానాన్ని సిఫారసు చేసింది. అలా మారినప్పుడల్లా గోదాములో పాత మందు గడువు తీరకుండా, కొత్త మందు ఖాళీ పడకుండా తక్కెడ సరిచూడాలి. డబ్బు ఆగితే మొత్తం గొలుసే ఆగుతుంది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపేసినప్పుడు టీబీ కార్యక్రమాలు చాలా దేశాల్లో దెబ్బతిన్నాయి.

ఈ గొలుసులో మనవాళ్ళు ఎక్కడున్నారని విద్యార్థులు అడుగుతుంటారు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ వ్యాపారుల నుంచి కొనాలని నిబంధన ఉంది. అంతర్జాతీయ టెండర్లలో కులం అనే మాటే ఉండదు. మందు తయారీకి కోట్ల పెట్టుబడి కావాలి, నాణ్యత గేటు ముందు సానుభూతి పనిచేయదు. కానీ గోదాము, ప్యాకింగు, జిల్లా రవాణా కాంట్రాక్టుల్లో ఆ 4 శాతం ఎందుకు అడగకూడదు? అక్కడ అడ్డం పడేది చాలాసార్లు సామర్థ్యం కాదు, గత మూడేళ్ళ టర్నోవరు ఇంత ఉండాలనే ఒక్క వాక్యం.

స్థానికంగా చేయగలిగింది ఇంకా ఉంది. సమాచార హక్కు దరఖాస్తులో టీబీ మందులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే జవాబు వస్తుంది. ఫలానా టీబీ యూనిట్‌లో మూడు మందుల మాత్ర గత 24 నెలల్లో ఏ తేదీన సున్నాకు పడింది, ఏ తేదీన మళ్ళీ వచ్చింది, ఇండెంటు ఎప్పుడు పంపారు, ఎంత అడిగితే ఎంత వచ్చింది అని అడగాలి. తేదీలు పక్కపక్కన పెడితే ఆలస్యం జిల్లాలో జరిగిందా, రాష్ట్ర గోదాములోనా, కేంద్ర టెండరులోనా అన్నది కనిపిస్తుంది. ఆ మధ్య రోజుల్లో ఎంతమంది వచ్చి ఉత్తి చేతులతో వెళ్ళారన్న అంకె మాత్రం ఏ ఆఫీసూ ఇవ్వలేదు. ఆశా కార్యకర్తకు తెలుసు, వాడలోవాళ్ళకు తెలుసు. పేర్లు బయటపెట్టకుండా, తేదీ, మందు రకం, తప్పిన రోజులు ఒక నోటుబుక్కులో రాసి, జిల్లా టీబీ అధికారి తర్వాతి ఇండెంటు తయారు చేయకముందే ఆయన చేతికివ్వాలి, రసీదు తీసుకోవాలి.