బరువు తెలిసిన బండి

మదనపల్లె టమోటా మార్కెట్టుకు తెల్లారకముందే వెళ్లి, ఖాళీ పికప్ వెనక చక్రం దగ్గర ఒంగి చూడండి. ఇరుసు మీద విల్లులా వంగి కమాను కట్ట కనిపిస్తుంది. క్రేట్లు ఒక్కొక్కటే ఎక్కేకొద్దీ ఆ వంపు తగ్గుతుంది. టన్నున్నర పడేసరికి ఇంచుమించు చదునవుతుంది. ఎంత మోస్తున్నదీ బండికి తెలిసేది ఆ వంపులోనే.

ఈ తరహా పాత బళ్లు చాలావాటిలో ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. దాని చివర చిన్న వాల్వు. బరువుకు కమాను కుంగితే కడ్డీ కదిలి, వాల్వు తెరుచుకుని, వెనక బ్రేకులకు ఆయిలు ఒత్తిడి ఎక్కువ పోతుంది. ఖాళీ బండికైతే తక్కువే పోతుంది. లేకపోతే తేలిగ్గా ఉన్న వెనక చక్రాలు బ్రేకు వేయగానే బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది. తీగ లేదు, చిప్ లేదు. అయినా ఆ వాల్వు డ్రైవరుకు తెలియకుండానే అతని పని సరిదిద్దుతుంది. నా లెక్కలో డ్రైవరుకు తోడొచ్చిన మొదటి సాయం ఇదే.

మనవాళ్లు చేసే పొరపాటు కూడా ఇక్కడే. ఇంకో పది క్రేట్లు పడతాయని కమానుకు రెండు పట్టీలు అదనంగా వేయిస్తారు. బండి కుంగదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ కుంగకపోతే కడ్డీ కదలదు. నిండా మోస్తున్న బండిని వాల్వు ఖాళీ బండి అనుకుంటుంది. వెనక బ్రేకులకు కావలసినంత ఒత్తిడి అందదు. పట్టీలు వేయించిన రోజే ఆ వాల్వును కూడా సరిచేయించాలని ప్రతి షెడ్డులోనూ ఎవరో ఒకరు చెప్పాలి. ప్రాణాల సంగతి ఇది.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 695 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర. పీలేరు మీదుగా భాకరాపేట ఘాట్ దిగి వచ్చే మూడు టన్నుల బండి అర కిలోమీటరుకు పైగా కిందికి జారుతుందన్నమాట. ఆ శక్తినంతా బ్రేకులే మింగితే పుట్టే వేడితో 50 లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగతాది ఇంజను తీసుకోవాలి, అంటే చిన్న గేరులో దిగాలి. అలా చేయకపోతే డ్రమ్ములు కాగి లైనర్లు పట్టు వదులుతాయి. చెమ్మ పట్టిన బ్రేకు ఆయిలు ఉడికి బుడగలు కడుతుంది, పెడల్ నేలకు ఆనుతుంది. డీజిలు మిగులుతుందని ఇంజను ఆపేసి దించేవాళ్లున్నారు. ఇంజను ఆగితే బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ తయారు కాదు. రెండు మూడు సార్లు తొక్కేసరికి ఉన్నది కూడా అయిపోయి, పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

"ఎక్కిన గేర్లోనే దిగాల నా," అని నన్ను వెంట తీసుకెళ్లిన డ్రైవరు చెప్పిన మాటలో ఈ లెక్కంతా ఉంది.

ఘాట్ దిగే వేగానికీ మనకొక పాత కట్టడి ఉండేది. తిరుమల కొండకు మోటారు దారి 1944లో పడింది, రెండోది 1974లో. ఇప్పుడు దిగడానికి వాడే పాత దారి పొడవు సుమారు 19 కిలోమీటర్లు. దాన్ని 40 నిమిషాల కంటే ముందే దిగితే కింద చెక్‌పోస్టులో జవాబు చెప్పుకోవాలన్నది ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి. ఒక చీటీ, ఒక గడియారం, గంటకు 30 కిలోమీటర్లు దాటని సగటు వేగం. వేగం మించితే బీప్ కొట్టే పెట్టె రాకముందు మన కొండ మీద ఉన్న వేగ నియంత్రణ అది.

ఈ ప్రాంతానికే కొత్త తరం పికప్ కూడా వచ్చింది. సత్యవేడు పక్కన శ్రీసిటీలో 107 ఎకరాల్లో, ఏడాదికి 50 వేల బళ్ల సామర్థ్యంతో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 1990ల నాటి అంబాసిడర్ నడిపినవారికి ఆ పేరు కొత్తది కాదు, ఆ కారు పెట్రోలు ఇంజను ఇసుజుదే. శ్రీసిటీలో తయారయ్యే డీమాక్స్ వీక్రాస్ పికప్ పైరకాల్లో చక్రానికొక సెన్సరు ఉంటుంది. స్టీరింగు ఎటు తిప్పారో, బండి నిజంగా ఎటు తిరుగుతోందో పోల్చి, తేడా వస్తే ఏ చక్రానికి బ్రేకు వేయాలో బండిలోని కంప్యూటరే చూసి వేస్తుంది. ఎత్తులో ఆగిన బండి వెనక్కి జారకుండా క్లీనరు చక్రం కింద పెట్టే రాయి పని, కొన్ని క్షణాల పాటు అదే చేస్తుంది. వాలులో మెల్లగా దించే మీట కూడా ఉంది. కానీ అదీ వాడేది ఆ బ్రేకులనే, కాబట్టి వేడి పుట్టక మానదు. పొడుగాటి ఘాట్‌లో దాన్ని నమ్ముకుని గేరు మరవకూడదు.

2019లో థాయ్‌లాండ్‌లో వచ్చిన మూడో తరం డీమాక్స్‌లో కొన్ని రకాలకు ముందు అద్దం వెనక రెండు కెమెరా కళ్లు పెట్టారు. మన రెండు కళ్లలాగే, రెండు బొమ్మల మధ్య తేడాను బట్టి అవి దూరం కొలుస్తాయి. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే బ్రేకు వేస్తాయి. మంచి పనే. కానీ వెనక బరువు పడ్డ బండి ముక్కు పైకెత్తుతుంది. హెడ్‌లైటు వెలుగు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. కెమెరా కూడా కాస్త ఆకాశం వైపు చూస్తుంది. రిఫ్లెక్టరు లేని ఎద్దులబండి, గీతలు చెరిగిన రోడ్డు, పలమనేరు వైపు తెల్లవారుజాము మంచు - వీటి మధ్య కెమెరా ఏం చూడగలదో ఈ దారుల్లోనే పరీక్షించి చూపాలి.

అంతకంటే ముందు చక్రాలు బిగుసుకోవడాన్ని ఆపే ఏబీఎస్, బండి అడ్డం తిరగకుండా చూసే ఏర్పాటు టమోటా మోసే బండికి రావాలని నా గట్టి కోరిక. ఖరీదైన బండిలో కుటుంబంతో పోయేవాడికి అవి అందాయి. అప్పు మీద బండి కొని, రాత్రంతా మేలుకుని తోలేవాడి చేతికీ అవి అందాలి.

ఆ రోజు ఘాట్ దిగాక రంగంపేట దగ్గర మా డ్రైవరు బండి పక్కకు తీశాడు. వెనక చక్రం దగ్గర కూర్చుని, ముట్టుకోకుండా డ్రమ్ముకు జానెడు దూరంలో అరచేయి పెట్టాడు. రెండో వైపూ వెళ్లి అలాగే చూశాడు.

"పోదాం పా నా," అని చేయి తుండుకు తుడుచుకున్నాడు.